ఆరేళ్ళ ఆపరేటర్: మెమో ఇవ్వాలా, గేటు దగ్గరే ఆపేయాలా?

పెన్నా షిఫ్ట్ (కడప)
అందరికీ నమస్కారం. కడప శివార్లలో ఒక ప్లాస్టిక్ పైపుల యూనిట్లో ప్రొడక్షన్ ఇన్‌ఛార్జిని. కాస్త అటూ ఇటూగా 140 మందిమి ఉంటాం. విడిగా హెచ్ఆర్ అంటూ ఎవరూ లేరు, అకౌంట్స్ సారే హాజరు, పీఎఫ్ చూసుకుంటాడు.

సమస్య ఒక ఆపరేటర్‌ది. ఆరేళ్ళుగా ఎక్స్‌ట్రూడర్ (ప్లాస్టిక్ కరిగించి పైపు తీసే మిషన్) మీద ఉన్నాడు. డై (పైపు అచ్చు) సెట్టింగ్ అతను చేస్తే స్క్రాప్ సగానికి సగం తగ్గుతుంది, ఆ సంగతి ఓనర్‌కీ తెలుసు. ఏప్రిల్ నుంచి ఏ-షిఫ్టుకి, అంటే పొద్దుటి షిఫ్టుకి, దాదాపు రోజూ అరగంట ఆలస్యం. అప్పటిదాకా రాత్రి షిఫ్టు మనిషి మిషన్ వదిలి కదలడానికి లేదు. రోజూ గొడవే. పోయిన నెల రెండు రోజులు చెప్పాపెట్టకుండా మానేశాడు, ఫోన్ స్విచాఫ్. షాపులో చాలాసార్లు గట్టిగానే చెప్పాం.

నిన్న ఓనర్ "సోమవారం నుంచి గేటు దగ్గరే ఆపేయండి" అన్నాడు. నాకు మనసొప్పడం లేదు. కానీ ఊరుకుంటే మిగతావాళ్ళూ అదే దారి పడతారు. నోటితో చెప్పినవి లెక్కలోకి వస్తాయా? ఎన్ని మెమోలు ఇచ్చాక తీసేయొచ్చు? ఆలస్యమైన రోజు అరపూట జీతం కోస్తే సరిపోతుందా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

తాడిపత్రి పాలిష్
అన్నా, నాకు రాయి పాలిష్ యూనిట్ ఉంది, ఇరవై మంది లోపే. ఉన్నది ఉన్నట్టు చెప్తా. ఒకడు అరగంట లేటైతే కట్టర్ ఆగుతుంది, కరెంటు బిల్లు మాత్రం ఆగదు. లారీవాడు వెయిటింగ్ ఛార్జీ అడుగుతాడు. మెమో, సంజాయిషీ, ఎంక్వైరీ అని కూర్చుంటే ఆ ఖర్చు ఎవరు భరిస్తారు? లెక్క చూసి ఇవ్వాల్సింది ఇచ్చి పంపేయడమే మర్యాద. ఇద్దరికీ టెన్షన్ ఉండదు.

రిటైర్డ్ లేబర్ (అనంతపురం)
కార్మిక శాఖలో చేసి రిటైరయ్యాను. పంపేయడం మర్యాదే అనుకుందాం. ఆ మనిషి మరుసటి వారం లేబర్ ఆఫీసుకొచ్చి ఒక కాగితం ఇస్తాడు: "ఆరేళ్ళు పనిచేశాను, కారణం చెప్పకుండా గేటు దగ్గర ఆపేశారు" అని. మేం యాజమాన్యాన్ని పిలిచి మొదట అడిగేది ఒకటే. ఇతనికి తన తప్పేమిటో చెప్పారా, చెప్పినట్టు ఆధారం ఉందా? "వందసార్లు చెప్పాం సార్" అంటారు. ఎప్పుడు, ఏమని, ఎవరి ముందు అంటే ఫైల్లో ఒక్క ముక్క ఉండదు. నా సర్వీసులో యాజమాన్యాలు ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. తప్పు చేసినవాడు కూడా గెలిచి వెళ్ళడం చూశాను.

పెన్నా షిఫ్ట్ గారూ, మీరు అడిగినదానికి నేరుగా జవాబు: ఇన్ని మెమోలు అని చట్టంలో లెక్క లేదు. మూడు మెమోలు ఇస్తే చాలు అన్నది ఫ్యాక్టరీల్లో పాకిన నమ్మకం. ఒకే తప్పుకి మెమో, తర్వాత గట్టి హెచ్చరిక, ఆ తర్వాత చిన్న శిక్ష, అప్పటికీ మారకపోతే ఛార్జిషీట్, విచారణ, చివరికి తొలగింపు. ఇది వరస. ప్రతి దశలో ఆ మనిషికి ఇంకో అవకాశం నిజంగా దొరికిందా లేదా అన్నదే చూస్తారు. శనివారం మెమో, సోమవారం ఇంకో మెమో, బుధవారం మూడోది ఇచ్చి గురువారం తీసేస్తే అది మూడు మెమోలు అవ్వదు.

బి-షిఫ్ట్ మనిషి (ఆదోని)
నేను స్పిన్నింగ్ మిల్లులో కార్మికుణ్ణి. మెమోలు తీసుకునే వైపు నుంచి ఒక మాట. "షాపులో గట్టిగానే చెప్పాం" అని రాశారు సార్. నిన్నగాక మొన్న చేరిన హెల్పర్ పిల్లల ముందు, మిషన్ల రొదలో అరిస్తే మాకు వినబడేది తిట్టు ఒక్కటే. విషయం చెవికెక్కదు. ఆ రోజంతా మనసు పాడవుతుంది, మర్నాడు ఆ మొహం చూడబుద్ధి కాదు. అదే టీ టైంలో పక్కకి పిలిచి "ఏమప్పా, ఏమైంది నీకు, ఇంట్లో అంతా బాగున్నారా" అని అడిగిన సూపర్‌వైజర్‌కి అబద్ధం చెప్పడం కష్టం. మీరు అతన్ని అలా ఒక్కసారైనా అడిగారా?

హంద్రీ హెచ్ఆర్ (కర్నూలు)
ఆదోని అన్న అడిగిన ప్రశ్నే నాదీ. కర్నూల్లో ఒక ఫ్యాక్టరీలో పదేళ్ళ పైనుంచి హెచ్ఆర్ చూస్తున్నాను. మొదటి మెట్టు నోటి హెచ్చరిక అని పుస్తకాల్లో ఉంటుంది కానీ నేను దాన్ని హెచ్చరిక అనుకోను. అది అడిగి తెలుసుకోవడం. నలుగురిలో అరవడం ఆ మెట్టు కిందికి రాదు. గదిలో కూర్చోబెట్టి మాట్లాడాలి, అయ్యాక ఫైల్లో నాలుగు లైన్లు రాసుకోవాలి: ఏ తేదీన మాట్లాడాం, అతనేం చెప్పాడు, మనమేం చెప్పాం, ఎప్పటికల్లా మారాలన్నాం. వీలైతే అతని సంతకం కూడా.

ఇంకొకటి. మస్టర్ (హాజరు పట్టీ) తీసి ఏయే రోజులు ఆలస్యమో ఒక కాగితం మీద రాసి చూడండి. "రోజూ లేటే" అని మనం అంటాం. రాసి చూస్తే ఫలానా వారాల్లోనే అనో, నెల మొదట్లోనే అనో తేలుతుంది. ఏప్రిల్ నుంచి అన్నారు. ఏప్రిల్లో ఏం మారింది?

పెన్నా షిఫ్ట్ (కడప)
మేడం, మీరడిగాక ఇప్పుడే పంచింగ్ రిపోర్ట్ తీయించాను. బి-షిఫ్ట్ వారాల్లో ఒక్క నిమిషం ఆలస్యం లేదు. సి-షిఫ్ట్‌లోనూ లేదు. ఉన్నవన్నీ ఏ-షిఫ్ట్ రోజులే. అన్నీ 6:20కీ 6:35కీ మధ్య పడ్డాయి.

ఏప్రిల్లో మారింది ఒకటే. ఎండలని ఏ-షిఫ్ట్ 7 నుంచి 6కి జరిపాం.

ఎర్రగుంట్ల కామ్రేడ్
ఇదీ అసలు సంగతి. సిమెంటు పరిశ్రమలో యూనియన్ పని చేసినవాణ్ణి. షిఫ్ట్ టైం మార్చేముందు 21 రోజుల నోటీసు ఇచ్చారా? పాత పారిశ్రామిక వివాదాల చట్టం, 1947లో 9ఏ సెక్షన్ అదే చెప్పింది. పని గంటలు, షిఫ్టులు మార్చాలంటే కార్మికులకు 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. దాని బదులు వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంది. మీరు ఒక రాత్రిలో టైం మార్చేసి, అందుకోలేనివాడికి మెమో ఇస్తే ఎలా?

మెట్లు మెట్లుగా క్రమశిక్షణ అంటే నాకు మొదటినుంచీ అనుమానమే. కొన్ని చోట్ల అది మనిషిని బాగుచేయడానికి వాడరు, ఫైలు బరువు పెంచడానికి వాడతారు. యూనియన్‌లో చురుగ్గా ఉన్నవాడికి వరసగా మెమోలు పడతాయి. టీకి రెండు నిమిషాలు ఎక్కువైతే మెమో, హెల్మెట్ పక్కన పెడితే మెమో. అదే తప్పు చేసిన మేనేజర్ బంధువుకి ఏమీ ఉండదు. ఏడాది తిరిగేసరికి "ఇతని గత చరిత్ర చూడండి" అంటూ కట్ట తీస్తారు. చేరేటప్పుడే తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టించుకున్న చోట్లు కూడా చూశాను.

అనంత న్యాయం (అడ్వకేట్)
కామ్రేడ్ అనుమానం ఊరికే వచ్చింది కాదు. కానీ అదే మెట్ల పద్ధతి కార్మికుణ్ణి కాపాడిన సందర్భాలూ ఉన్నాయి. ఎక్కువగా లేబర్ కేసులే చూస్తాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1960ల్లో మైసూరు రాష్ట్రం వర్సెస్ మంచేగౌడ కేసు. ఉద్యోగి గత చరిత్రను లెక్కలోకి తీసుకుని శిక్ష పెంచాలనుకుంటే ఆ విషయం నోటీసులో ముందే చెప్పాలి, అతని జవాబు తీసుకోవాలి అని సుప్రీంకోర్టు చెప్పింది. అంటే అతనికి తెలియకుండా ఫైల్లో పెట్టుకున్న కట్ట చెల్లదు. కామ్రేడ్ చెప్పిన కట్టని ఎదుర్కోవడానికి మాకు ఎక్కువగా పనికొచ్చే తీర్పు ఇదే.

దీనికి రెండో వైపు భారత్ ఫోర్జ్ కేసు. 1983లో ఒక హెల్పర్ డ్యూటీలో ఇనుప పలక మీద నిద్రపోతూ దొరికాడు. విచారణ జరిపి తీసేశారు. నిద్రపోయినందుకే ఉద్యోగం తీసేస్తారా అని అనిపిస్తుంది. కింది కోర్టుల్లో రకరకాలుగా నడిచి 2005లో సుప్రీంకోర్టు తొలగింపు సరైనదే అంది. కారణం, అదే తరహా తప్పుకి అంతకుముందు మూడుసార్లు దొరికి శిక్ష పడినా మారలేదు. ముందు మెట్లు లేకపోతే ఆ కేసు యాజమాన్యం గెలిచేదని నేననుకోను.

చెప్పకుండా రాకపోవడం గురించి 1993లో డి.కె. యాదవ్ కేసు. ఇన్ని రోజులు రాకపోతే ఉద్యోగం దానంతట అదే పోయినట్టే అని స్టాండింగ్ ఆర్డర్లో (ఫ్యాక్టరీ రాసుకున్న ఉద్యోగ నియమాల్లో) రాసుకున్నా సరే, ఆ మనిషి మాట వినకుండా పేరు కొట్టేయడం కుదరదని తీర్పు. పాత బకాయి జీతంలో సగం ఇచ్చి తిరిగి పనిలోకి తీసుకోమన్నారు. కాబట్టి పెన్నా షిఫ్ట్ గారూ, గేటు దగ్గర ఆపడం ఒక్కటి మాత్రం చేయొద్దు.

తాడిపత్రి పాలిష్
లాయర్ సార్, ఇవన్నీ పెద్ద కంపెనీల సంగతి కదా. 2025 నవంబరు నుంచి కొత్త లేబర్ కోడ్‌లు వచ్చాయి, 300 మంది లోపు ఉంటే స్టాండింగ్ ఆర్డర్లే అక్కర్లేదన్నారు. మాకెందుకు ఇదంతా?

అనంత న్యాయం (అడ్వకేట్)
నిజమే, 2025 నవంబరు 21 నుంచి నాలుగు కోడ్‌లూ అమల్లోకి వచ్చాయి. 1946 చట్టంలో స్టాండింగ్ ఆర్డర్లకు 100 మంది హద్దు ఉండేది, పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది 300 అయింది. అయితే స్టాండింగ్ ఆర్డర్లు అక్కర్లేదంటే విచారణ అక్కర్లేదని కాదు. మనిషి మాట వినకుండా శిక్ష వేయకూడదన్న సూత్రం అలాగే ఉంది. శిక్ష మరీ ఎక్కువైందనిపిస్తే తగ్గించే అధికారం ట్రిబ్యునల్‌కి ఇప్పుడూ ఉంది. 1971లో పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో 11ఏ సెక్షన్‌గా వచ్చిన అధికారం అది, కొత్త కోడ్‌లోకీ వచ్చింది. తీసేసిన కార్మికుడు మొదట రాజీ అధికారి దగ్గరికి వెళ్ళాలి, 45 రోజుల్లో తేలకపోతే నేరుగా ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు. పాత చట్టంలో మూడేళ్ళ గడువుండేది, ఇప్పుడు రెండేళ్ళు. కార్మికులు చదువుతుంటే ఈ గడువు గుర్తుపెట్టుకోండి.

ఇంకో సంగతి, మీ దగ్గర ఇరవై మంది ఉన్నా మీరు రాసుకున్న నాలుగు నియమాలు నోటీసు బోర్డు మీద తెలుగులో ఉంటే మీకే మంచిది. నియమం తెలియనివాడు దాన్ని తప్పాడని నిరూపించడం చాలా కష్టం.

రిటైర్డ్ లేబర్ (అనంతపురం)
జీతం కోత గురించి ఎవరూ చెప్పలేదు. అరపూట కోయడం కుదరదు పెన్నా షిఫ్ట్ గారూ. పని చేయని సమయానికి తగినంతే కోయాలి. అరగంట ఆలస్యమైతే అరగంటది. ఒక రోజు రాకపోతే రెండు రోజులది కోసే అలవాటు మన జిల్లాల్లో చాలా చోట్ల ఉంది, అది చెల్లదు. పది మందో, అంతకు మించో కూడబలుక్కుని నోటీసు లేకుండా, తగిన కారణం లేకుండా మానేస్తే ఎనిమిది రోజుల వరకూ కోయొచ్చన్న నిబంధన ఉంది కానీ అది వేరే సందర్భం.

జరిమానా వేయాలంటే ఏ తప్పులకి వేస్తారో ముందే ప్రభుత్వ ఆమోదం తీసుకుని బోర్డు మీద పెట్టాలి. ఆ మనిషి సంజాయిషీ వినాలి. మొత్తం జరిమానా ఆ జీత కాలపు వేతనంలో 3 శాతం దాటకూడదు. ₹15,000 జీతమైతే నెలకి ₹450. వాయిదాల్లో వసూలు చేయకూడదు, 90 రోజులు దాటాక వసూలు చేయకూడదు. పైగా ఆ డబ్బు యజమాని జేబులోకి పోకూడదు, కార్మికుల మేలుకే ఖర్చుపెట్టాలి. 1936 వేతన చెల్లింపు చట్టంలో ఉన్నవే, వేతన కోడ్‌లోనూ ఉన్నాయి. ఇవన్నీ పాటిస్తూ జరిమానా వేసిన చిన్న యూనిట్‌ని నేను చూడలేదు. అందుకే జరిమానా జోలికి పోవద్దని చెప్తుంటాను.

డిపో పాత మనిషి (ప్రొద్దుటూరు)
ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి దిగాను. 2020 జనవరి 1న ప్రభుత్వంలో కలవకముందు మాకు 1967 నాటి సొంత రెగ్యులేషన్లు ఉండేవి. ఆలస్యానికి, డ్యూటీ ఎగ్గొట్టినందుకు మెట్లు ఉండేవి. మందలింపు, తర్వాత ఇంక్రిమెంట్ వాయిదా. ఇంక్రిమెంట్ వాయిదాలో రెండు రకాలున్నాయని చాలామందికి తెలియదు. ఒక ఏడాది ఆపి తర్వాత మామూలుగా ఇచ్చేది ఒకటి, రిటైరయ్యేదాకా ఆ లోటు వెంటాడేది ఇంకొకటి. రెండోది పెద్ద శిక్ష కిందే లెక్క, పూర్తి విచారణ లేకుండా వేయకూడదని సుప్రీంకోర్టు 1990లో కుల్వంత్ సింగ్ గిల్ కేసులో చెప్పింది. ప్రైవేటు వాళ్ళు "ఈ ఏడాది ఇంక్రిమెంట్ లేదు పో" అని తేలిగ్గా అంటారు. ఇరవై ఏళ్ళ సర్వీసు మిగిలినవాడికి అది ఎంత నష్టమో ఒక్కసారి లెక్కేసి చూడండి, పీఎఫ్, గ్రాట్యుటీతో సహా.

టికెట్ డబ్బు విషయంలో మాత్రం మెట్లు లేవు. ప్రయాణికుడి దగ్గర డబ్బు తీసుకుని టికెట్ ఇవ్వకపోతే మొదటిసారి అయినా సస్పెన్షనే. మొత్తం ఎంత అన్నది ముఖ్యం కాదు, నమ్మకం పోయింది అని కర్ణాటక ఆర్టీసీ కండక్టర్ల కేసుల్లో కోర్టు అంది. ఇది నాకు సబబుగానే తోస్తుంది. అరగంట ఆలస్యాన్నీ దొంగతనాన్నీ ఒకే కొలతతో కొలవకూడదు.

హంద్రీ హెచ్ఆర్ (కర్నూలు)
డిపో సార్ చెప్పినదానికి నేనొకటి కలుపుతాను. ఆడవాళ్ళతో అసభ్యంగా ప్రవర్తించిన ఫిర్యాదు వస్తే "మొదటిసారి కదా, నోటితో చెప్పి వదిలేద్దాం" అనే హక్కు సూపర్‌వైజర్‌కి లేదు. పనిచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమందీ అంతకన్నా ఎక్కువమందీ ఉన్న చోట అంతర్గత కమిటీ ఉండాలి, ఫిర్యాదు అక్కడికే వెళ్ళాలి, 90 రోజుల్లో విచారణ పూర్తవ్వాలి. మెట్ల పేరు చెప్పి ఇలాంటివి మొదటి మెట్టు మీదే తొక్కిపెడుతున్నారు. దయచేసి అలా చేయొద్దు. తాగి ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కినవాడి సంగతీ అంతే. ముందు దించి ఇంటికి పంపాలి, కాగితం తర్వాత.

ఇక మెమో ఎలా రాయాలి అన్నది. నా టేబుల్ మీదికి వచ్చే మెమోలు ఎక్కువగా ఇలా ఉంటాయి: "మీరు తరచుగా ఆలస్యంగా వచ్చుచు, నిర్లక్ష్యముగా ప్రవర్తించుచున్నందున మీపై కఠిన చర్యలు తీసుకొనబడును." ఇందులో తేదీ లేదు, టైం లేదు, ఏం చేయాలో లేదు. చదివినవాడికి భయం వేస్తుంది తప్ప ఏమీ అర్థం కాదు.

నేనైతే ఇలా రాయిస్తాను: "జూన్ 11, 12 తేదీల్లో మీరు సెలవు అడగకుండా, ఫోన్ చేయకుండా డ్యూటీకి రాలేదు. ఆ రెండు రోజులూ రాత్రి షిఫ్టు ఆపరేటర్ అదనంగా పనిచేయాల్సి వచ్చింది. రాలేకపోతే షిఫ్ట్ మొదలయ్యేలోపు ఇన్‌ఛార్జికి ఫోన్ చేయాలన్నది మన నియమం. దీనిపై మీ సంజాయిషీ మూడు రోజుల్లో రాసి ఇవ్వండి. రాయడం ఇబ్బందైతే వచ్చి చెప్పండి, మేం రాసి మీకు చదివి వినిపిస్తాం." తేదీలు ఉదాహరణకి వేశాను, మీవి వేసుకోండి. ఇంగ్లీషులో మాత్రం ఇవ్వొద్దు. ఇంగ్లీషు మెమో చేతిలో పట్టుకుని చదివిపెట్టమని స్కూల్ టీచర్ల దగ్గరికి వెళ్ళినవాళ్ళని నేనెరుగుదును.

కొత్త బజార్ (కర్నూలు)
నాది బట్టల కొట్టు, ఎనిమిది మంది. మాకు ఏం వర్తిస్తుంది సార్? ఒక సేల్స్ పిల్లవాడు ఏడాదిన్నరగా ఉన్నాడు, ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు.

రిటైర్డ్ లేబర్ (అనంతపురం)
మీకు ఏపీ షాపులు, సంస్థల చట్టం, 1988. ఆరు నెలలు నిండినవాణ్ణి సరైన కారణం లేకుండా తీసేయకూడదు. తీసేయాలంటే నెల ముందు రాతపూర్వక నోటీసు, లేదంటే నెల జీతం. ఐదేళ్ళు దాటితే ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున పరిహారం. తీసేస్తున్నట్టు కాగితం మీద రాసి ఇవ్వాల్సిందే. ఫోన్ విషయానికి కొట్లో ఒక చోటు పెట్టి గిరాకీ వేళల్లో అందరూ ఫోన్లు అక్కడ పెట్టాలని చెప్పి చూడండి, మీదీ పెట్టండి.

బి-షిఫ్ట్ మనిషి (ఆదోని)
ఒక చిన్న సందేహం. మా దగ్గర ఒకణ్ణి సస్పెండ్ చేసి రెండు నెలలైంది. ఏమీ ఇవ్వడం లేదు. విచారణకి రమ్మంటారు, బస్సు ఖర్చులకి కూడా లేవు అంటున్నాడు.

అనంత న్యాయం (అడ్వకేట్)
విచారణ తేలేదాకా సస్పెండ్ చేస్తే జీవనభృతి ఇవ్వాలి. స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే చోట మొదటి 90 రోజులు వేతనంలో సగం, ఆ తర్వాత ఆలస్యానికి కార్మికుడు కారణం కాకపోతే 75 శాతం. కొత్త కోడ్‌లో విచారణ మామూలుగా 90 రోజుల్లో ముగించాలని కూడా ఉంది. మన పక్కనే ఉన్న కోలారు బంగారు గనుల ఉద్యోగి పాల్ ఆంథోనీ కేసు 1999లో తేలింది. భృతి ఇవ్వకపోవడంతో అతను దూరం నుంచి విచారణకు రాలేకపోయాడు, అతను లేకుండానే విచారణ ముగించేశారు. సుప్రీంకోర్టు ఆ విచారణను కొట్టేసింది. మీవాణ్ణి ఆ తీర్పు పేరుతో యాజమాన్యానికి ఒక ఉత్తరం రాసి, నకలు దగ్గర ఉంచుకోమనండి. విచారణలో సాయానికి తోటి కార్మికుణ్ణి వెంట తెచ్చుకుంటానని కూడా అడగాలి. విచారణ ముగిశాక, శిక్ష వేసేముందు రిపోర్టు కాపీ ఇవ్వాలన్నది 1993లో మన హైదరాబాద్ ఈసీఐఎల్ కేసులో వచ్చింది. అదీ అడిగి తీసుకోవాలి.

పెన్నా షిఫ్ట్ (కడప)
అందరికీ కృతజ్ఞతలు. ఈరోజు అతన్ని నా గదికి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాను. మొదట పది నిమిషాలు తల దించుకునే ఉన్నాడు. తర్వాత చెప్పాడు. వాళ్ళ ఊరి నుంచి మొదటి పల్లెవెలుగు మా గేటు దగ్గర దిగేసరికి 6:20 అవుతుంది. ఉన్న బండి అనంతపురంలో కాలేజీకి పోయే తమ్ముడి దగ్గర ఉంది. ఏప్రిల్లో మా సూపర్‌వైజర్‌కి ఈ మాట చెప్తే "అందరికీ ఒకటే రూలు" అన్నాడట. సూపర్‌వైజర్‌ని అడిగాను, అవునన్నాడు.

ఆ రెండు రోజుల సంగతి మాత్రం వేరు. ఊళ్ళో జాతర, చుట్టాలొచ్చారు, సెలవు అడిగితే ఇవ్వరని ఫోన్ ఆపేశాడు. అది అతనే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు నాకు రెండు వేర్వేరు విషయాలు కనబడుతున్నాయి. ఏ-షిఫ్ట్ ఆలస్యానికి మెమో ఇవ్వడం న్యాయం కాదనిపిస్తోంది. ఎండలు తగ్గి టైం మళ్ళీ 7కి మారేదాకా అతనికి బి, సి షిఫ్టులే వేయాలని ఓనర్‌ని అడిగాను. రెండు రోజుల గైర్హాజరుకి మెమో ఇస్తాను, హంద్రీ మేడం పెట్టిన పద్ధతిలో. ఓనర్ సగం ఒప్పుకున్నాడు. "అదే ఊరి నుంచి ఇంకో ఇద్దరు టైంకి వస్తున్నారు కదా, వాళ్ళకి ఏం చెప్తావు?" అంటున్నాడు. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

డిపో పాత మనిషి (ప్రొద్దుటూరు)
ఆ ఇద్దరికీ బండ్లు ఉన్నాయా? ఉంటే వాళ్ళలో ఒకరి వెనక ఇతను వచ్చే ఏర్పాటు చూడొచ్చు. కానీ ఓనర్ అన్నదాంట్లో పస ఉంది. ఒకరికి సడలిస్తే అదే కారణం చెప్పే ఇంకొకరికీ సడలించాలి. డిపోలో దూరం నుంచి వచ్చేవాళ్ళకి మొదటి సర్వీసు వేయకుండా చూసేవాళ్ళం, కానీ పేర్లు చూసి కాదు, ఫలానా బస్సు మీద ఆధారపడ్డవాళ్ళందరికీ. బోర్డు మీద అలా రాయండి. అప్పుడు అది ఒకడికి చేసిన మేలు అనిపించుకోదు.

ఎర్రగుంట్ల కామ్రేడ్
మెమో రెండు రోజుల గైర్హాజరుకి మాత్రమే అయితే నాకు అభ్యంతరం లేదు. రాత్రంతా నిలబడి తెల్లారి కూడా మిషన్ వదల్లేకపోయిన ఆ సి-షిఫ్ట్ మనిషీ కార్మికుడే. అతని అదనపు గంటలకి ఓవర్‌టైం కట్టారా? అదీ చూడండి.

తాడిపత్రి పాలిష్
ఒప్పుకుంటా, బస్సు సంగతి నేను ఊహించలేదు. కానీ మా దగ్గర లారీ లోడింగ్ టైం నా చేతిలో ఉండదు, షిఫ్ట్ మార్చి సర్దుబాటు చేసే వెసులుబాటు పెద్ద యూనిట్‌కే ఉంటుంది. చిన్నవాడి కష్టం కూడా లెక్కలో పెట్టండి. ఒకవేళ మెట్లన్నీ ఎక్కాక నిజంగానే తీసేయాల్సి వస్తే ఎంత ఇవ్వాలి, ఎప్పటిలోగా?

అనంత న్యాయం (అడ్వకేట్)
తీసేసిన తర్వాత రెండు పనిదినాల్లో బాకీ జీతం మొత్తం ఇవ్వాలని వేతన కోడ్ చెబుతుంది. పదిమందికి పైన ఉన్నారు కాబట్టి, ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ కూడా. "తప్పు చేసి పోయాడు, గ్రాట్యుటీ లేదు" అనడం చాలా చోట్ల వింటాను. ఆలస్యానికీ గైర్హాజరుకీ తీసేసినవాడి గ్రాట్యుటీ ఆపడానికి వీల్లేదు. ఆస్తి నష్టం చేస్తే ఆ నష్టం మేరకు, లేదంటే కొట్లాట, హింస, నైతికంగా నీచమైన నేరం లాంటి వాటిలోనే ఆపొచ్చు. 1972 గ్రాట్యుటీ చట్టం నుంచీ ఉన్న మాటే ఇది.

పెన్నా షిఫ్ట్ (కడప)
ఈరోజు మెమో ఇచ్చాను. మొదట సంతకం పెట్టనన్నాడు. "సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టే కదా సార్" అన్నాడు. ఇలాంటప్పుడు ఏం చేయాలి?

హంద్రీ హెచ్ఆర్ (కర్నూలు)
సంతకం అంటే కాగితం అందిందని మాత్రమే, ఒప్పుకున్నానని కాదు అని చెప్పండి. "అందింది" అనే మాట కింద పెట్టమనండి. అప్పటికీ వద్దంటే ఇద్దరు సాక్షుల ముందు చదివి వినిపించి వాళ్ళ సంతకాలు తీసుకోండి, ఒక కాపీ ఇంటికి పోస్టు చేయండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కౌంటర్లో అడిగి రసీదు దాచండి. బలవంతంగా మాత్రం పెట్టించొద్దు.

పెన్నా షిఫ్ట్ (కడప)
మీరు చెప్పినట్టే చెప్పాను మేడం, "అందింది" అని రాసి పెట్టాడు. దాని కిందే ఇంకో లైను రాశాడు: "జాతరకి చెప్పకుండా పోయింది నా తప్పే. షిఫ్ట్ టైం మార్చేటప్పుడు మమ్మల్ని ఎవరూ అడగలేదు." అకౌంట్స్ సార్ ఆ కాపీ చించేసి కొత్తది ఇద్దాం అంటున్నాడు.

అనంత న్యాయం (అడ్వకేట్)
చించొద్దు. అదే అతని సంజాయిషీ. అలాగే ఫైల్లో పెట్టండి, ఒక జిరాక్స్ అతనికివ్వండి. రెండో వాక్యానికి విడిగా రాతలో జవాబు ఇవ్వాలి. కామ్రేడ్ మొదట్లో అడిగిన 21 రోజుల నోటీసు ప్రశ్నకి మీరింకా జవాబు చెప్పలేదు.

పెన్నా షిఫ్ట్ (కడప)
ఇవ్వలేదు సార్. ఏప్రిల్‌లో సాయంత్రం వాట్సాప్ గ్రూపులో పెట్టి మర్నాటి నుంచి మార్చేశాం. ఈ మాట ఓనర్‌కి చెప్పాను. ఇప్పుడు మళ్ళీ 7కి మార్చేముందు 21 రోజుల నోటీసు తెలుగులో బోర్డు మీద పెడతాం, ముసాయిదా రేపు ఇక్కడే పెడతాను, చూసి దిద్దండి. సి-షిఫ్ట్ ఆపరేటర్ అదనపు గంటలు కూడా పంచింగ్ నుంచి తీయిస్తున్నా, ఈ నెల జీతంలో కలిపేలా.